పల్లాడియన్ ఇంటికి దిష్టిచుక్క

మేడమ్ పోయారన్న సంగతి నాకు అందరికన్నా ఆలస్యంగా తెలిసింది. మస్కట్‌లో మా పాత ఆఫీసు వాళ్ళందరికీ ఆ రోజే తెలిసిందట. వాట్సాప్ గ్రూపులో పూలూ దండాలూ పెట్టుకున్నారట. నన్ను ఆ గ్రూపులోంచి ఎప్పుడో తీసేశారు. తీసింది ఎవరో నాకు తెలుసు. అది వేరే సంగతి. మస్కట్‌కు దూరంగా నిజ్వాలో ఉన్న నాకు మేడమ్ చెల్లెలు ఫోన్ చేసేసరికి బందరులో సమాధి కార్యక్రమం కూడా అయిపోయింది.

"ఏమనుకోకు తమ్ముడూ, ఆ హడావుడిలో..." అంది చెల్లెలు. ఆమె మస్కట్‌లో నర్సు. అక్కను ఊరికి తీసుకెళ్ళి, అన్నీ ముగించుకుని మళ్ళీ డ్యూటీలో చేరింది.

"ఏమనుకుంట అక్కా. నన్నెవరు యాది జేస్తరు."

"చూశావా! అక్క సరిగ్గా ఇదే చెప్పింది. వాడికి ఆలస్యంగా చెబితే ముందు అలుగుతాడు, తర్వాత ఏడుస్తాడు అని."

నేను ఏడవలేదు. పోతూ పోతూ కూడా నా మీద ఒక మాట విసిరి పోయారే అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఏ పనీ చేయబుద్ధి కాలేదు. ఎదురుగా కంప్యూటర్‌లో ఒక ఇంటి ముందుభాగం ఉంది. ఇంటాయన అడిగినట్టే స్తంభాలు పెట్టాను, పైన ఒక త్రికోణం పెట్టాను. ఫైలు పేరు 'పల్లాడియన్ విల్లా'. ఆ మాట చూడగానే నాకు మేడమ్ అరచెయ్యి కనిపించింది.

ఏ ఇంటి ముందు నిలబడినా ఆవిడ చేసే మొదటి పని అది. కుడి అరచేతిని కత్తిలా నిలువుగా ముక్కుకు ఎదురుగా పెట్టుకునేవారు. ఒక కన్ను మూసి ఇంటిని ఒక పక్క చూసేవారు. తర్వాత రెండో కన్ను మూసి ఇంకో పక్క చూసేవారు. దారిన పోయే పాకిస్తానీ మేస్త్రీలు ఈమె ఏదో నమాజు చేస్తోందనుకుని పక్కకు తప్పుకునేవారు. ఆ తర్వాత తీర్పు వచ్చేది. నచ్చితే "పల్లాడియన్". నచ్చకపోతే "ఊహూఁ". మధ్యలో ఇంకో మాట ఉండేది కాదు. నా డ్రాయింగులకు వచ్చినవి ఎక్కువ ఊహూఁలే.

ఈ పల్లాడియన్ సంగతి చెప్పాలి. ఇటలీలో కొన్ని వందల ఏళ్ళ కిందట ఒక ఆర్కిటెక్ట్ ఉండేవాడట. ఆయన పేరుకే చిన్న తోక తగిలించి, పాత రోమను కట్టడాలు చూసి ఆయన పట్టుకున్న సూత్రాలన్నిటినీ పల్లాడియన్ అంటున్నారు. మనిషి పోయాడు, పేరు పద్ధతికి మిగిలింది. మా వృత్తిలో అందరికీ అంత అదృష్టం పట్టదు. నేను గీసిన ఇళ్ళు మస్కట్ శివారు మబేలాలో వీధి వీధికీ ఉన్నాయి. వాటి ముందు నిలబడి నా పేరు చెప్పి చూడండి, పిల్లి కూడా తల తిప్పదు.

ఇక్కడ విల్లాలు కట్టించుకునేవాళ్ళకు పల్లాడియన్ అంటే స్తంభాలు. "ముందు రెండు పల్లాడియన్ పెట్టు, పైన ఒకటి పెట్టు" అని కూరగాయలు అడిగినట్టు అడుగుతారు. ఆ స్తంభాలు కూడా థర్మోకోల్‌తో చేసి పైన సిమెంటు పూసినవి. మేడమ్ సైట్‌కి వస్తే వేలి కణుపుతో స్తంభాన్ని తట్టి, చెవి ఆనించి వినేవారు. అది ఖాళీ డబ్బాలా మోగేది. "జ్వరం లేదు, ప్రాణమూ లేదు" అని నిట్టూర్చి ముందుకు నడిచేవారు. ఉద్యోగం కాబట్టి అలాంటివి ఎన్నింటికో సంతకం పెట్టారు. కాని నాకు మాత్రం పాఠం చెప్పకుండా వదిలేవారు కాదు.

"పల్లాడియన్ అంటే స్తంభం కాదు తమ్ముడూ. స్తంభం లేకుండా కూడా అవుతుంది. ముందు మధ్యలో ఏముందో తేల్చుకో. పక్కలు వాటంతట అవే వస్తాయి. గది పొడవు చూసి వెడల్పు సిగ్గుపడకూడదు. బయట ముఖం చూస్తే లోపలి ఇల్లు అర్థం కావాలి. అంతే."

ఆవిడ అంతే అన్నాక నేను సాయంత్రం దాకా మళ్ళీ గీసేవాణ్ణి.

మస్కట్‌లోని అజైబాలో మా ఆఫీసు ఉండేది. ఇళ్ళ ప్లాన్లు గీసిచ్చే కంపెనీ. నేను డ్రాఫ్ట్స్‌మన్, ఆవిడ ఆర్కిటెక్ట్. ఆఫీసులో తెలుగువాళ్ళం ఇద్దరమే. తెలుగువాళ్ళం కదా అని నేను మొదట్లో సంతోషపడ్డాను. నేను "గీత మంచిగున్నదా మేడమ్?" అంటే, "మంచిగ కాదు, బాగా" అని దిద్దారు. జగిత్యాలలో పుట్టినవాడికి బందరులో పుట్టినావిడ తెలుగు నేర్పడం! నేను ఊరుకోలేదు.

"మీకు బాగా, మాకు మంచిగ," అన్నాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "సరే, రెండు పక్కలా చెరొకటి ఉండనీ," అన్నారు. అదీ ఆవిడ పద్ధతి. తగాదాని కూడా మధ్యకు కోసేవారు.

జీవితమంతా అలాగే కోసుకున్నారు. సూపర్‌మార్కెట్ నుంచి వస్తే రెండు చేతుల్లో రెండు సంచులూ సమానంగా ఉండాలి. ఒకటి బరువనిపిస్తే రోడ్డు పక్కనే గొంతుకూర్చుని ఉల్లిపాయలు ఇటునుంచి అటు మార్చేవారు. చర్చిలో నడవకు కుడిపక్క జనం ఎక్కువైతే పాట మధ్యలో లేచి ఎడమపక్కకు వెళ్ళేవారని చెల్లెలు వాపోయేది. ఆఫీసు కింద మలయాళీ చాయ్ కొట్టతను రెండు గ్లాసుల్లో సమానంగా పోస్తే "పల్లాడియన్" అని మెచ్చుకునేవారు. అతను గుండె మీద చెయ్యి పెట్టుకుని తలవంచేవాడు.

సైట్‌లో మేం ఇద్దరం రెండు సిమెంటు ఇటుకల మీద ఒక చెక్క పలక వేసుకుని కూర్చునేవాళ్ళం. నేను ఒక కొసన, ఆవిడ ఇంకో కొసన. నేను కాస్త మధ్యకు జరిగితే చాలు, "కొసకి, కొసకి. తూకం తప్పుతోంది," అనేవారు. నేను ఆవిడకన్నా బరువు. ఆ సంగతి కూడా గట్టిగా, అందరూ వినేలా చెప్పేవారు.

నా కారు గొడవ ఇంకొకటి. ఆవిడకు డ్రైవింగ్ రాదు. సైట్‌కి నేనే తీసుకెళ్ళాలి. వెళ్ళేటప్పుడు ముందు సీట్లో కూర్చునేవారు కాదు. వెనక సీట్లో, సరిగ్గా మధ్యలో, రెండు చేతులూ చెరో పక్క ఆనించి కూర్చునేవారు. కారు నాది, పెట్రోలు నాది. ఏ సైట్‌కి పోయినా వాచ్‌మన్ ఆవిడకు సలాం కొట్టి, నాతో "డ్రైవర్ భాయ్, గాడీ ఉధర్ లగావ్" అని ఓ మూల చూపించేవాడు. అద్దంలో ఆవిడ నవ్వు ఆపుకోవడం నాకు కనిపించేది. అవన్నీ నేను మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ ఇంటి విషయానికి వస్తాను.

ఒమానీ ఒకాయన వచ్చాడు. ఏదో ప్రభుత్వ ఆఫీసులో పని. నెమ్మదైన మనిషి. మబేలాలో స్థలం ఉంది. తల్లి నిజ్వాలో కూతురి దగ్గర ఉంటోంది, ఆమెను తన దగ్గరికి తెచ్చుకోవాలని ఇల్లు కట్టిస్తున్నాడు. స్తంభాలు అడగలేదు, పైన సింహాలు అడగలేదు. "మా అమ్మకు నచ్చాలి. ఆమె ఇక్కడ ఉండిపోవాలి. మిగతాది మీ ఇష్టం," అన్నాడు హిందీలో.

మీ ఇష్టం అన్న మాట ఆ ఆఫీసులో మేడమ్‌తో అంతకుముందు ఎవరూ అనలేదు. ఆయన వెళ్ళిపోయాక కూడా చాలాసేపు గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయారు. తర్వాత నా పక్కకు కుర్చీ లాక్కుని, "తమ్ముడూ, ఇన్నాళ్ళకి ఒక ఇల్లు దొరికిందయ్యా," అన్నారు. పెళ్ళికూతురికి చీర ఎంచినట్టు ఆ ఇంటిని ఎంచారు.

ఇంటి ముఖానికి మధ్యలో ఒక పెద్ద కిటికీ. నడుమ పొడుగ్గా, పైన కమానుతో ఒకటి, దానికి అటూ ఇటూ ఆనుకుని సన్నగా, పైన చదునుగా రెండు. మూడూ కలిసి ఒకటే కిటికీ. దాన్నే పల్లాడియన్ కిటికీ అంటారు. దానికి చెక్క జాలీ. లోపలున్నవాళ్ళకు వీధి కనిపిస్తుంది, వీధికి లోపలివాళ్ళు కనిపించరు. ఆ కిటికీ వెనక గది తల్లిది. "ఇంటికి మధ్యలో ఎవరుండాలి? అమ్మ," అన్నారు మేడమ్. కిటికీకి కుడిపక్క మగవాళ్ళు కూర్చునే మజ్లిస్. ఎడమపక్క ఆడవాళ్ళుండే హాలు. దేని తలుపు దానికి. రెండు తలుపులూ ఒకే చెక్క, ఒకే మెట్లు, ఒకే దీపాలు. గేటు సరిగ్గా మధ్యలో.

కుడి తలుపు గీసి, దాన్నే కంప్యూటర్‌లో ఎడమకు తిప్పి పెట్టాను. పెట్టాక ఏది ఏదో నాకే తెలియలేదు. పేర్లు కూడా ఒకదానిది ఒకదానికి రాశాను.

"మేడమ్, రెండు తలుపులు ఒక్క తీరుగున్నయి. మనిషి ఎటు పోవాలె?"

ఆవిడ తల ఎత్తకుండానే, "లోపలికి," అన్నారు.

ఆఫీసంతా నవ్వింది. ఎప్పుడూ నవ్వని ఫిలిప్పీన్స్ అమ్మాయి కూడా నవ్వింది. మేడమే అందరికీ ఇంగ్లీషులోకి మార్చి మరీ చెప్పారు.

ఇల్లు లేచింది. మేడమ్ గేటు దగ్గర నిలబడి, అరచెయ్యి ముక్కుకు ఎదురుగా పెట్టుకుని, ఒక కన్నూ, రెండో కన్నూ మూసి చూశారు. తర్వాత రెండు కళ్ళూ మూసుకున్నారు. "పల్లాడియన్" అన్న మాట ఆ రోజు పెదవులు దాటి రాలేదు. నేను పక్కకు తిరిగి కారు తాళాలు వెతుక్కున్నాను.

తల్లి నిజ్వా నుంచి వచ్చింది. పసుపు పూల ఓణీ కప్పుకున్న సన్నటి మనిషి. జాలీ వెనక కూర్చుని రోజంతా వీధి చూసేదట. వీధిలో ఎవరి మేక తప్పిపోయినా ఆమెనే అడిగేవారట.

తర్వాత శుక్రవారాలు మొదలయ్యాయి.

మన దగ్గరైతే గుమ్మం ముందు నిలబడి ఎవరండీ ఇంట్లో అని కేకేస్తాం. ఇక్కడ మజ్లిస్ తలుపు తెరిచే ఉంటుంది. వచ్చినాయన సలాం చెప్పి, చెప్పులు విడిచి, నేరుగా వెళ్ళి కూర్చుంటాడు. మగవాళ్ళ తలుపు ఏదో చూడగానే తెలియాలి. ఈ ఇంట్లో తెలియదు. శుక్రవారం ఆడబిడ్డలూ పిల్లలూ తిరుగుతుంటారు కాబట్టి రెండో తలుపు కూడా తెరిచే ఉంటుంది. దాని ముందు కూడా చెప్పులుంటాయి. నమాజు నుంచి వచ్చినవాళ్ళు గేటు దాటి, అటు చూసి, ఇటు చూసి, ఏదో ఒకటి ఎంచుకునేవారు. ఒక శుక్రవారం గడ్డాలు నెరిసిన పెద్దమనుషులు నలుగురు సలాం చెప్పుకుంటూ ఆడవాళ్ళ హాల్లోకి నడిచారు. తల్లి అప్పుడే తలకు నూనె రాసుకుని, జుట్టు విరబోసుకుని కూర్చుని ఉంది. ఆమె కెవ్వుమంది. ఆమెకన్నా వాళ్ళు ఎక్కువ బెదిరిపోయారు. కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. అతిథి కాఫీ తాగకుండా వెళ్ళడం ఇక్కడ చిన్న విషయం కాదు.

"ఈ ఇంటికి కుడీ ఎడమా లేదు. నన్ను నిజ్వా పంపించు," అని తల్లి పెట్టె సర్దుకుంది.

ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. అరవలేదు. కుర్చీ అంచున కూర్చుని, "నా ఇల్లు అందంగా ఉంది. అందులో మా అమ్మ ఉండనంటోంది," అన్నాడు. మా కంపెనీ మేనేజర్ మమ్మల్నందరినీ పిలిచి, డ్రాయింగ్ బల్ల మీద పరిచి, "రెండు తలుపులూ ఇలా పెట్టింది ఎవరు?" అని అడిగాడు.

నేను మేడమ్ వైపు చూశాను. మేడమ్ డ్రాయింగ్ వైపు చూస్తున్నారు. అటే చూస్తూ, "గీసింది ఇతను," అన్నారు.

గీసింది నేనే. అబద్ధం లేదు. కాని ఆ మాటకు ముందు ఇంకో మాట ఉండాలి, ఆ మాట రాలేదు. మేనేజర్ నన్ను ఆ రోజే డ్రాయింగ్ నుంచి తీసి, ఎండలో సైట్లు చూసే డ్యూటీ వేశాడు. ఇప్పటికీ నాకు ఆ బల్ల, ఆ ఏసీ చప్పుడు, ఆవిడ వేలు కాగితం అంచు మీద కదలడం కళ్ళకు కట్టినట్టే ఉన్నాయి.

ఆ వారం ఆవిడ మా రూమ్‌కి మనిషితో గోంగూర పచ్చడి పంపారు. రెండు సీసాలు, సమానంగా నింపినవి. రూమ్‌మేట్లు వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. నేను కూడా తిన్నాను. అది పచ్చడే గాని క్షమాపణ కాదు. ఆ తేడా తెలియనంత అమాయకుణ్ణి కాను.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చి కూడా ఆ రోజే. ఆ శుక్రవారం చర్చి అయ్యాక ఫోన్ చేశారు. "తమ్ముడూ, మబేలా పోదాం. కారు తియ్."

"నేను గీసినోణ్ణి మాత్రమే మేడమ్. నేనెందుకు?"

"అలగడం దారిలో అలుగుదువు గాని, ముందు రా."

వెళ్ళాను. వెనక సీట్లో మధ్యలో కూర్చున్నారు. దారి పొడుగునా అలిగాను. ఇంటికి ఎదురుగా రోడ్డు అవతల పలక వేసుకుని రెండు కొసలా కూర్చున్నాం. నమాజు వదిలాక జనం రావడం మొదలైంది. గేటు దాటినవాళ్ళు తలుపుల ముందు ఆగుతున్నారు. ఒకాయన చెప్పులు చూసి అంచనా వేస్తున్నాడు. ఒకాయన ఫోన్ తీసి ఇంటాయనకే చేస్తున్నాడు. ఒక ముసలాయనైతే రెండు తలుపులనూ మార్చి మార్చి చూసి, తలపాగా సర్దుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మేడమ్ ఆ ముసలాయన వెనక్కి నడవడం వీధి మలుపు దాకా చూశారు.

"నా ఇల్లు చూసి మనిషి వెనక్కి పోయాడయ్యా," అన్నారు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. అందుకు కూడా నాకు ఆవిడ మీదే కోపం వచ్చింది.

లోపలికి వెళ్ళాం. తల్లి జాలీ వెనకే ఉంది. పెట్టె గోడ వారగా సర్దిపెట్టి ఉంది. మేడమ్‌ది సైట్‌లో నేర్చుకున్న అరబ్బీ. సిమెంటు, రేపు, పని ఎప్పుడవుతుంది, ఇంతే. కొడుకు మధ్యలో కూర్చుని మాట మార్చి చెప్పాడు. మేడమ్ ఆమె కాళ్ళ దగ్గర కింద కూర్చుని, "మీ పాత ఇంట్లో మగవాళ్ళకు వాళ్ళ తలుపు ఏదో ఎలా తెలిసేది?" అని అడిగించారు.

తల్లి నవ్వింది. ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "మగవాళ్ళ తలుపు పక్కన దక్కా ఉండేది. దాని మీద ముసలివాళ్ళు కూర్చునేవారు. కొత్తగా వచ్చినాయన దక్కా చూసి అటే వెళ్ళేవాడు. అడిగే పని లేదు."

దక్కా అంటే ఇంటి ముందు గోడకు ఆనించి కట్టే గట్టు. మన అరుగు లాంటిది.

మేడమ్ బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. అరచెయ్యి ముక్కుకు ఎదురుగా పెట్టుకున్నారు. చాలాసేపు తియ్యలేదు. నాకు ఆవిడ లోపలి గొడవ తెలుస్తూనే ఉంది. కుడి తలుపు పక్కన ఒక గట్టు కడితే ఈ ఇంటి ముఖం ఒక పక్కకు ఒరుగుతుంది. ఉద్యోగమంతా ఎదురుచూసి కట్టిన ఒకే ఒక్క ఇల్లు అది.

నాకు జాలేసింది. "మేడమ్, ఎడమ పక్కన కూడ ఒకటి కడదాం. ఆడోళ్ళు కూసుంటరు. రెండు దిక్కులా సమానం అయితది."

ఆవిడ చెయ్యి దించి నా వైపు తిరిగారు. "కడితే మళ్ళీ మొదటికే వస్తాం కదా తమ్ముడూ. ఎటు పోవాలె?"

నా మాట, నా యాసలో, నాకే తిప్పి ఇచ్చారు. కాని నవ్వలేదు. ఇంటి వైపే చూస్తూ, నాకు చెప్పినట్టు కాక తనకు తాను చెప్పుకున్నట్టు అన్నారు: "బయట ముఖం చూస్తే లోపలి ఇల్లు అర్థం కావాలి. నేనే కదా చెబుతా రోజూ. తలుపు చూస్తే లోపల ఎవరున్నారో తెలియకపోతే అది పల్లాడియన్ ఎలా అవుతుంది?"

మళ్ళీ తనే అన్నారు. "చిన్నప్పుడు మా అమ్మ చర్చికి పంపేటప్పుడు కూడా బుగ్గన దిష్టిచుక్క పెట్టేది. ఫాదరు గారు చూస్తే తిడతారని జుట్టు కింద దాచేది. ఒక్క బుగ్గకే పెట్టేది. రెండు బుగ్గలకీ పెడితే అదేం దిష్టిచుక్క?"

ఆ మాట అని, చెప్పు కొసతో కుడి తలుపు పక్కన కంకర మీద ఒక గీత గీశారు. గీత వంకరగా వచ్చింది. ఆవిడ చేత్తో వంకర గీత గీయడం నేను చూసింది అదొక్కసారే. దిద్దలేదు.

దక్కా కట్టించే పని నాకే పడింది, సైట్ డ్యూటీ కదా. ఇంటి గోడ రంగు సున్నమే పూయించాం. పైన నునుపైన రాయి పరిపించాం. అది కట్టిన తర్వాతి శుక్రవారం మళ్ళీ వెళ్ళాం. ఇద్దరు ముసలాయనలు అప్పటికే దాని మీద కూర్చుని చేతికర్రలు ఆనించుకుని మాట్లాడుకుంటున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు అటే వెళ్తున్నారు. ఎవరూ ఆగలేదు. ఎవరూ ఫోన్ తియ్యలేదు. వెనక్కి పోయిన ముసలాయన కూడా వచ్చాడు, ఈ వీధిలో పుట్టినవాడిలా నడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. జాలీ వెనక తల్లి పెట్టెలోంచి బట్టలు తీసి బీరువాలో పెడుతోందని కొడుకు వచ్చి చెప్పాడు.

ముసలాయనలు లోపలికి వెళ్ళాక మేం ఇద్దరం దక్కా మీద కూర్చున్నాం. నేను కిటికీ వైపు కొసన, ఆవిడ అవతలి కొసన. తల్లి మాకు కాఫీ పంపింది. చిన్న కప్పుల్లో, యాలకుల వాసనతో, పక్కన ఖర్జూరాలతో. కిటికీలోంచి ఆమెకు నేనున్న కొస మాత్రమే కనిపిస్తుంది. నన్ను చూసి, "ముహందిసా అవతల ఉంటుంది, రెండు కప్పులు తీసుకెళ్ళు," అందట. ముహందిసా అంటే ఇంజనీరమ్మ. ఆ తర్వాత మేం ఎప్పుడు అటు వెళ్ళినా ఇదే వరస. నేను కొసన కనిపిస్తే లోపలినుంచి రెండు కప్పులు వచ్చేవి.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు నేను వెనక తలుపు తీసి పట్టుకున్నాను. మేడమ్ దాన్ని దాటి, ముందు తలుపు తీసుకుని నా పక్కన కూర్చున్నారు.

"వెనక మధ్యల కూసోరా?" అన్నాను.

"ఇద్దరం ఉన్నాం కదయ్యా. చెరో పక్క."

దారిలో సీబ్ దాటేదాకా నేను ఎదురుచూశాను. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని. ఆ రోజు మీటింగ్‌లో నేను మాట్లాడాల్సింది తమ్ముడూ అని. అనలేదు. అజైబాలో దిగేటప్పుడు కిటికీలోంచి వంగి, "దక్కా మంచిగ కట్టించావు," అన్నారు. మంచిగ అనే అన్నారు. తలుపు వేసి వెళ్ళిపోయారు.

తర్వాత మేనేజర్ నన్ను మళ్ళీ డ్రాయింగ్‌కి పిలవలేదు. నేను నిజ్వాలో వేరే ఆఫీసు చూసుకున్నాను. మేడమ్ వెళ్ళొద్దనలేదు. కాని పండగకీ, క్రిస్మస్‌కీ, ఊరికినే కూడా ఫోన్ చేసేవారు. ప్రతిసారీ నేను ఆ మీటింగ్ సంగతి తెచ్చేవాణ్ణి.

"మళ్ళీ మొదలెట్టావా? ఎక్కణ్ణుంచి?"

"మొదటినుంచి."

"సరే, కానీ."

నేను మొదటినుంచి చెప్పేవాణ్ణి. లోపలికి అన్న మాట దగ్గర మొదలుపెట్టి, ఆఫీసంతా నవ్వడం, బల్ల మీద డ్రాయింగ్, గీసింది ఇతను, ఎండ, అన్నీ. ఆవిడ ఒక్క మాట అడ్డుపడకుండా ఊ, ఊ అంటూ వినేవారు. చివరన ప్రతిసారీ ఒకటే: "నీ కోపం కూడా పల్లాడియనే తమ్ముడూ. ఎటునుంచి చూసినా ఒకలాగే ఉంటుంది." నవ్వి ఫోన్ పెట్టేసేవారు. ఒక్క క్షమాపణ మాట అంటే ఆగిపోయేది కదా ఈ గొడవ. ఆవిడ అనలేదు. నేను ఆపలేదు.

చెల్లెలు ఫోన్ చేశాక వచ్చిన శుక్రవారమే మబేలా వెళ్ళాను. అటు వేరే పని ఏమీ లేదు. ఇల్లు అలాగే ఉంది. సున్నం కొంచెం మాసింది. దక్కా రాయి ముసలివాళ్ళు కూర్చుని కూర్చుని నిగనిగలాడుతోంది. గేటు తెరిచే ఉంది. నమాజుకు ఇంకా వేళ ఉంది, ఎవరూ లేరు. గేటు దగ్గర నిలబడి, ఎవరూ చూడటం లేదు కదా అని అరచెయ్యి ముక్కుకు ఎదురుగా పెట్టుకుని చూశాను. ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి. కుడి బుగ్గన చుక్క.

వెళ్ళి దక్కా మీద కూర్చున్నాను. దక్కా మొత్తం ఖాళీగా ఉంది, ఎక్కడైనా కూర్చోవచ్చు. కిటికీ వైపు కొసకే కూర్చున్నాను.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఇంటాయన స్వయంగా పళ్ళెం పట్టుకుని వచ్చాడు. ఖర్జూరాలు, కాఫీ, రెండు కప్పులు.

"అమ్మ కిటికీలోంచి చూసి పంపింది," అని నవ్వుతూ నా అవతలి కొస వైపు చూశాడు. ఆగాడు. "మేడమ్ రాలేదా?"

చెప్పాను. ఆయన పళ్ళెం దక్కా మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అరబ్బీలో ఏదో ప్రార్థన అనుకున్నాడు. రెండో కప్పు తీసేయబోయి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అమ్మకు చెప్పాలి," అని లోపలికి వెళ్ళాడు. జాలీ వెనక మాటలు వినిపించాయి. తర్వాత అవి ఆగిపోయాయి.

నేను రెండు కప్పుల్లోనూ కాఫీ పోశాను. సమానంగా వచ్చిందా అని వంగి చూశాను. అవతలి దానిలో కొంచెం తగ్గితే ఇంకొంచెం పోశాను. రెండో కప్పును అవతలి కొసకు జరిపి పెట్టాను.

నా కోపం తగ్గలేదు. చనిపోయినంత మాత్రాన తగ్గిపోయేది కాదు అది. ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని, "మేడమ్, ఆ రోజు రెండు తలుపులు ఒక్క తీరుగున్నయి, మనిషి ఎటు పోవాలె అని అడిగిన కదా..." అని మొదటినుంచి మొదలుపెట్టాను. లోపలికి అన్న మాట దాకా వచ్చి ఆగాను.

అవతలి కొస నుంచి ఊ అని వినిపిస్తే గాని తర్వాతి మాట చెప్పడం నాకు అలవాటు లేదు.